పొదుపు, లోభం, ఏరుకోవడం: విశాఖ ప్రాంత సాహిత్యంలో ఇంటి వస్తువుల పునర్వినియోగం

వ్యాససంగ్రహం:

వాడిన వస్తువును పారవేయకుండా దాచి మరొక అవసరానికి మలచుకోవడం తెలుగు గృహజీవనంలో నిత్యకృత్యం. అయితే చేసేవారిని బట్టి ఈ పనికి పేరు మారుతుంది. మధ్యతరగతి ఇల్లాలు చేస్తే అది పొదుపు, ధనికుడు చేస్తే లోభం, పేదపిల్ల చేస్తే ఏరుకోవడం, కర్మాగారం చేస్తే ఉపోత్పత్తుల వినియోగం. ఈ పేర్ల మార్పును గృహనీతి రచనలలోను, గురజాడ, చాసో, రావిశాస్త్రి, కారా రచనలలోను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పొదుపును స్త్రీ గుణంగా కాక, జ్ఞానంతో కూడిన శ్రమగా చదవాలని ఇది ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పొదుపు, ఒబ్బిడి, గృహశ్రమ, పునర్వినియోగం, బొంత, విశాఖపట్నం, ఉత్తరాంధ్ర కథ.

1. ఉపోద్ఘాతం:

విశాఖపట్నం సరుకుల రాకపోకలమీద పెరిగిన నగరం. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో సింధియా సంస్థ నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1948లో అక్కడ ‘జల ఉష’ నౌక జలప్రవేశం చేసింది. 1966 నాటి ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమం తరువాత 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992లో అది జాతికి అంకితమైంది. ఈ నగర చరిత్రను ఓడలతో, టన్నులతో చెప్పడం అలవాటు. ఇక్కడి ఇళ్లలోకి వచ్చిన వస్తువులు ఎంతకాలం నిలిచాయి, ఎన్ని రూపాలు మారాయి, చివరికి ఏమయ్యాయి అన్న చరిత్ర అంతగా చర్చకు రాలేదు.

ఉక్కు కర్మాగారంలో కాలిన కోక్‌ను నీళ్లు చల్లి ఆర్పరు. జడవాయువుతో చల్లార్చి, ఆ వేడితో ఆవిరిని పుట్టిస్తారు. బ్లాస్ట్ ఫర్నేస్ నుండి వెలువడే స్లాగ్ రవ్వగా మారి సిమెంటు తయారీకి పోతుంది. ఉక్కు తుక్కు తిరిగి కన్వర్టర్‌లోకి చేరుతుంది. ఈ పనులకు కొలతలున్నాయి, బాధ్యులున్నారు, నివేదికలున్నాయి. అదే నగరంలో గంజిని నూలుచీరలకు, బియ్యం కడుగును పశువుల కుడితికి, చింతపండు పిప్పిని ఇత్తడి సామాను తోమడానికి, కొబ్బరి పీచును అంట్లకు వాడిన ఇల్లాలి పనికి అటువంటి లెక్క లేదు. రెండుచోట్లా సూత్రం ఒకటే: ఒక పనిలో మిగిలినది మరొక పనికి ముడిసరుకు. ఒకటి సాంకేతిక పరిజ్ఞానం అనిపించుకోగా రెండవది అలవాటుగానే మిగిలిపోయింది. ఈ తేడాకు కారణం వస్తువులో లేదు, పేరు పెట్టే పద్ధతిలో ఉంది.

ఈ వ్యాసంలో ‘విశాఖ ప్రాంతం’ అన్న మాట నేటి జిల్లా సరిహద్దులకు పరిమితం కాదు. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలు ఏర్పడక ముందు ఈ ప్రాంతమంతటికీ విశాఖపట్నమే జిల్లా కేంద్రం. గురజాడ, చాసో, రావిశాస్త్రి, కారా రచనలను ఒకచోట చేర్చి చదవడానికి ఈ చారిత్రక నేపథ్యమే ఆధారం.

2. మాటల తూకం:

పొదుపుకు సంబంధించిన తెలుగు మాటలలో ప్రతిదానికీ ఒక తీర్పు అంటుకొని ఉంటుంది. ‘పొదుపు’ మెచ్చుకోలు. ‘ఒబ్బిడి’ కోస్తా ఇళ్లలో వినిపించే మాట. సరుకు తరుగుతున్నదని తెలిసి చెయ్యి బిగించి వాడడం దాని అర్థం. మెచ్చుకోలుకంటె హెచ్చరిక ఇందులో ఎక్కువ. ‘లోభం’ అరిషడ్వర్గాలలో ఒకటి కనుక పాపం. ‘పిసినారితనం’ ఎగతాళి, ‘కక్కుర్తి’ చీదరింపు. చీరముక్క దాచిన చెయ్యి ఒకటే అయినా, ఆ చెయ్యి ఎవరిదన్నదాన్ని బట్టి వీటిలో ఒక మాట ఎంపికవుతుంది.

‘ఏరు’ అన్న క్రియ ఈ సందర్భంలో గమనించదగినది. చేటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరడం గృహిణి నేర్పు. దానికి ‘కొను’ చేరి ‘ఏరుకొను’ అయినప్పుడు, ముఖ్యంగా ‘ఏరుకొని బతకడం’ అన్నప్పుడు, మనిషి ఇంటి నుండి వీధిలోకి వస్తాడు. చెత్త ఏరుకొనేవారు, బొగ్గు ఏరుకొనేవారు అన్న ప్రయోగాలు ఈ కోవకు చెందినవే. ఏరేవారికి ఇల్లుంది, చేట ఉంది. ఏరుకొనేవారి చేతిలోకి వచ్చేది ఇతరులు వదిలిన వస్తువు. కాబట్టి వారి పనిమీద ఎప్పుడూ ఒక అనుమానం ఉంటుంది.

1990ల నుండి ‘పొదుపు’ అన్న మాట మరొక మలుపు తిరిగింది. 1992 నాటి నెల్లూరు జిల్లా దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం తరువాత ఆ జిల్లాలో ‘పొదుపులక్ష్మి’ కార్యక్రమం రోజుకొక రూపాయి దాచుకోవాలన్న సూత్రంతో వ్యాపించింది. డ్వాక్రా బృందాలు జనం నోట ‘పొదుపు సంఘాలు’ అయ్యాయి. దీనితో పొదుపు అంటే నగదు కూడబెట్టడమన్న అర్థం బలపడింది. పోపులడబ్బాలోని చిల్లరకు బ్యాంకు ఖాతా దొరికింది. గుడ్డముక్క, గంజి, బూడిద, ఈనెల చీపురు మాత్రం ఆ మాట పరిధిలోనుండి క్రమంగా జారిపోయాయి.

3. గృహనీతి రచన – గుణంగా పొదుపు:

ఆధునిక తెలుగులో ఇంటి నిర్వహణ గురించిన రచన స్త్రీవిద్యతో కలిసి పుట్టింది. కందుకూరి వీరేశలింగం 1883లో స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ పత్రికను ప్రారంభించారు. ఆయన ‘సత్యవతీ చరిత్రము’ చదువుకున్న స్త్రీ తన నడవడితో కుటుంబాన్ని చక్కదిద్దే పద్ధతిని కథగా చెప్పింది. 1902లో వచ్చిన ‘హిందూసుందరి’, 1928లో వచ్చిన ‘గృహలక్ష్మి’ ఆ మార్గాన్ని విస్తరించాయి. ఈ పత్రికల పేర్లే తమ పాఠకురాలిని ఊహించుకొన్న తీరును చెబుతాయి. సతి, సుందరి, లక్ష్మి అన్నవి ఆమె వ్యక్తిత్వాన్ని ఇంటితో ముడిపెట్టే మాటలు.

ఈ ధోరణికి ఒక మేలు ఉంది. ఇంటిపని చర్చించదగిన విషయమని, దానికి చదువు అవసరమని అది గుర్తించింది. దీనికొక పరిమితి కూడా ఉంది. పొదుపు చేయాలంటే ముందు ఇంట్లో ఏదో ఒకటి ఉండాలి. ఈ రచనలకు సహజ పాఠకురాలు బియ్యపు డబ్బా, బట్టల పెట్టె ఉన్న స్త్రీ. ఆమెకు పొదుపు శీలంలో భాగం, చేయకపోవడం శీలలోపం. మగవాడి జీతం చాలకపోయినా తప్పు ఇల్లాలి చేతివాటానికే చుట్టుకొనే అవకాశం ఇక్కడే ఏర్పడింది. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్న సామెత ఈ తీర్పునే సంగ్రహంగా చెబుతుంది.

1950ల నుండి కొన్ని దశాబ్దాలపాటు ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ నిర్వహించిన ‘ప్రమదావనం’ ఈ సంప్రదాయంలో ఒక మార్పును సూచిస్తుంది. ఆమె ‘వంటలు – పిండివంటలు’ పుస్తకం అనేక ముద్రణలు పొందింది. కొలతలు, క్రమం, పద్ధతి చెప్పే రచనలో ఇంటిపని బోధ స్థాయి నుండి విద్య స్థాయికి జరుగుతుంది. గుణాన్ని మెచ్చుకోవడమో నిందించడమో జరుగుతుంది. విద్యను నేర్పవచ్చు, పరీక్షించవచ్చు, మెరుగుపరచవచ్చు. పొదుపును శ్రమగా చదవడానికి తొలిమెట్టు ఈ భేదమే.

అమెరికాలో లిడియా మరియా చైల్డ్ 1829లో పొదుపరి గృహిణుల కోసం రాసిన పుస్తకం వస్తువుల ముక్కలతోపాటు కాలపు ముక్కలను కూడా వృథా కానీయరాదని బోధించింది. వస్తువును మిగల్చడానికి ఖర్చయ్యేది స్త్రీ కాలమే అన్న సత్యాన్ని ఈ బోధ తెలియకుండానే ఒప్పుకొన్నది. మన దేశంలో 2019 నాటి జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. పాత చీరను బొంతగా కుట్టిన గంటలు ఇటువంటి నిమిషాలలోనివే.

4. లుబ్ధావధాన్లు ఇల్లు:

గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. 1909లో విస్తృతమైన మలికూర్పు వచ్చింది. ఇందులో లుబ్ధావధాన్లుకు పేరులోనే తీర్పు ఉంది. చవకగా దొరుకుతున్నదన్న ఆశ అతన్ని ఎంత దూరం తీసుకుపోతుందంటే, కరటకశాస్త్రి ఆడవేషం వేయించి తెచ్చిన శిష్యుణ్ణి పెళ్లికూతురని నమ్మి బేరం కుదుర్చుకొంటాడు. మనిషిని సరుకుగా చూసే కన్యాశుల్క వ్యవస్థలో పొదుపు బుద్ధి ఏ రూపం తీసుకొంటుందో ఈ ఘట్టం చూపుతుంది.

లుబ్ధావధాన్లును హాస్యపాత్రగా, సంఘదురాచారానికి ప్రతినిధిగా విమర్శకులు విస్తారంగా చర్చించారు. అతని ఇల్లు నడిచే తీరుమీద పడవలసినంత దృష్టి పడలేదు. ఆ ఇంట్లో ఉన్న ఆడదిక్కు వితంతువైన కూతురు మీనాక్షి. ఆమె విషయంలో విమర్శ ఎక్కువగా శీలం చుట్టూ తిరిగింది. లుబ్ధావధాన్లు కూడబెట్టిన ప్రతి రూపాయి వెనుక జీతం, వాటా, మాట హక్కు లేని ఒక స్త్రీ ఇంటిచాకిరీ ఉంది. అతని లోభానికి పేరుంది, దాన్ని సాధ్యం చేసిన ఆమె శ్రమకు పేరు లేదు. ‘లుబ్ధ’ అన్న మాట మగవాడి కూడబెట్టడాన్ని దోషంగా గుర్తించగలిగింది గాని, దానికి ఆధారమైన స్త్రీశ్రమను గుర్తించడానికి చాలలేదు.

5. చాసో – రాలిన ఆకు, అమ్ముడైన వాయులీనం:

చాగంటి సోమయాజులు (1915–1994) కథ ‘కుంకుడాకు’ పొయ్యిలోకి ఆకు ఏరుకొనే పేదపిల్ల కథ. రాలిన ఆకు చెట్టుకు అక్కరలేదు, యజమానికి వంటచెరకు కాదు. అయినా దానిని ఏరుకోవడం కలవారి కనుసన్నలలో జరగాలి. గృహనీతి రచనలో మిగిలినదాన్ని వాడుకోవడం ఇల్లాలికి గౌరవం తెచ్చిపెడితే, అదే పని ఈ కథలోని పిల్లకు అవమానం తెస్తుంది. ఇద్దరూ పొయ్యి వెలిగించడానికే పాటుపడుతున్నారు. ఒకరు తమ ఇంట్లో మిగిలినదాన్ని వాడుతున్నారు. మరొకరు ఇతరుల భూమిమీద రాలినదాన్ని వాడుతున్నారు. ఈ భేదమే మొదటి పనిని పొదుపు చేస్తుంది, రెండవ పనిని దొంగతనం అంచుకు నెడుతుంది.

ఈ సమస్య ఒక్క ఉత్తరాంధ్రకు పరిమితం కాదు. రైన్‌లాండ్ అడవులలో పేదలు ఏరుకొనే పుల్లలను దొంగసొత్తుగా నిర్ణయించే చట్టంపై జరిగిన చర్చలను విమర్శిస్తూ 1842లో కార్ల్ మార్క్స్ వ్యాసాలు రాశారు. ఆచారంగా వచ్చిన ఏరుకొనే హక్కు ఆస్తిహక్కు ముందు నేరంగా మారే పద్ధతి అక్కడి చర్చాంశం. చాసో ఆ సంఘర్షణను సిద్ధాంతంగా చెప్పలేదు. ఒక పిల్ల తట్టలో చూపించారు. ఆయన కథాశిల్పపు క్లుప్తత గురించి తరచు ప్రస్తావించే విమర్శ, ఆ క్లుప్తత కింద ఉన్న ఆస్తిసంబంధాన్ని కూడా అంత శ్రద్ధగా గమనించవలసి ఉంది.

చాసో మరొక కథ ‘వాయులీనం’ మధ్యతరగతి ఇంటిలోకి తీసుకుపోతుంది. భార్య జబ్బుపడినప్పుడు ఆమె వాయులీనం అమ్ముడుపోతుంది. దాంపత్యంలోని ఆర్ద్రతను చూపే కథగా దీనికి పేరుంది. పొదుపు దృష్టితో చదివితే మరొక ప్రశ్న కనిపిస్తుంది. ఇంట్లో ‘ఉపయోగం లేని’ వస్తువు ఏదని నిర్ణయించేది ఎవరు? నిత్యావసరాల లెక్కలో ఆమె సంగీతానికి చోటు లేదు. ఆ లెక్క భర్త క్రూరత్వం వల్ల వచ్చినది కాదు. చాలీచాలని ఆదాయం విధించినది. కనుకనే కథ ఎవరినీ నిందించదు. పేదరికంలో పొదుపు ముందుగా కోసేది స్త్రీ సొంత ఇష్టాన్నేనన్న విషయాన్ని మాత్రం మరుగుపరచదు.

6. నగరంలోకి – రావిశాస్త్రి, కారా:

రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) విశాఖపట్నంలో న్యాయవాది. ‘ఆరు సారా కథలు’ మద్యనిషేధ కాలపు పోలీసులు, కోర్టులు, సారా అమ్ముకొని బతికే పేదల చుట్టూ తిరుగుతాయి. ఈ కథలు నేరుగా పొదుపు గురించినవి కావు. అయినా బతుకుతెరువుకు చట్టం పేరు పెట్టే విధానాన్ని ఇవి బయటపెడతాయి. పేదవారి ఇంటి ఆర్థికం కోర్టు కాగితంమీద ‘కేసు’గా మారుతుంది. ఇల్లు గడవడానికి ఆ స్త్రీ వేసిన లెక్కలేవీ ఆ కాగితంలోకి రావు. ‘కుంకుడాకు’లో యజమాని చేసిన పనిని ఇక్కడ చట్టం చేస్తుంది.

కాళీపట్నం రామారావు (1924–2021) విశాఖపట్నంలో దీర్ఘకాలం ఉపాధ్యాయులుగా పనిచేశారు. ఆయన ‘జీవధార’ కథలో పేట ఆడవాళ్లు నీళ్ల కోసం కలవారి ఇంటిని ఆశ్రయించవలసి వస్తుంది. ఇక్కడ ఒబ్బిడిగా వాడవలసినది నీరు. ఒక బిందెతో వంట, స్నానం, అంట్లు గడపడం గృహనిర్వహణలో అతి కఠినమైన విద్య. గృహనీతి పుస్తకాలు దాన్ని పాఠంగా చెప్పవు, ఎందుకంటే అది ఎంపిక చేసుకొన్న పొదుపు కాదు. కారా ఆ స్త్రీలను దయనీయులుగా కాక, తమ అవసరాన్ని హక్కుగా అడగగలిగే సమూహంగా నిలబెట్టారు. ఒబ్బిడికి ఒక హద్దు ఉంటుందని, ఆ హద్దు దాటితే అది నిలదీతగా మారుతుందని ఈ కథ సూచిస్తుంది.

ఉక్కు కర్మాగారం కోసం భూములిచ్చి నిర్వాసితులైన గ్రామాల అనుభవాన్ని కూడా ఈ వెలుగులో చదవవచ్చు. ‘ఆర్ కార్డు’ అన్న మాట ఆ కుటుంబాల ఉద్యోగపు ఆశకు గుర్తుగా ఈ ప్రాంతపు వాడుకలో నిలిచింది. నష్టపరిహారపు లెక్కలో భూమి, ఇల్లు, చెట్టు చేరతాయి. తాటాకు, పేడ, కంప, గడ్డి, రాలిన పుల్ల వంటి పైకం లేని వనరులను లెక్కకట్టడం కష్టం. పల్లెటూరి పొదుపు నిలిచేది వీటిమీదనే. పొయ్యిలోకి పుల్ల, అలకడానికి పేడ, తోమడానికి బూడిద కొనుక్కోవలసిన స్థితిలో పాత ఒబ్బిడి పనిచేయదు. పునర్వినియోగం వ్యక్తి గుణం మాత్రమే కాదని, ఉమ్మడి వనరులమీద ఆధారపడిన జీవనపద్ధతి అని నిర్వాసితుల అనుభవం గుర్తుచేస్తుంది.

7. చీర నుండి బొంత వరకు:

నూలుచీర జీవితం పునర్వినియోగ విద్యకు మంచి ఉదాహరణ. బయటికి కట్టిన చీర కొన్నాళ్లకు ఇంటిచీర అవుతుంది. చిరుగు పడితే గట్టిగా ఉన్న భాగం పిల్లల లంగా అవుతుంది లేదా పసిబిడ్డకు ఉయ్యాల అవుతుంది. మెత్తబడిన భాగం పొత్తిగుడ్డ. మిగిలినవి పొరలుగా పేర్చి కుడితే బొంత. బొంతకు కూడా పనికిరాని పీలిక మసిగుడ్డ, చివరికి దీపపు వత్తి. ప్రతి దశలోను బట్ట బలం, మెత్తదనం, నీటిని పీల్చే గుణం, రంగు నిలకడ అంచనా వేయాలి. ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమజ్ఞానం లేనిదే ఈ వరుస సాగదు. సూసన్ స్ట్రాసర్ 1999 నాటి అమెరికా చెత్త చరిత్రలో, వస్తువును బాగుచేసి నిలుపుకోవడం చేతిపని తెలిసినవారి విద్య అని, ఆ చేతిపని తగ్గినకొద్దీ పారవేత పెరిగిందని నిరూపించారు. బొంత విషయంలోను ఇది వర్తిస్తుంది.

ఇటువంటి కుట్టుపనే బెంగాల్‌లో ‘కాంథా’గా కళారూపపు గుర్తింపు పొందింది. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ నల్లజాతి స్త్రీలు పాతబట్టలతో కుట్టిన బొంతలు 2002 నుండి పెద్ద మ్యూజియంలలో ప్రదర్శితమయ్యాయి. మన బొంత మాత్రం ఇంకా లేమికి గుర్తుగానే వాడుకలో ఉంది. అయితే బొంతను మ్యూజియంలోకి చేర్చడమొక్కటే పరిష్కారం కాదు. కళ అని పేరు పెట్టినంతనే కుట్టిన చేతికి తీరిక గాని, ఆదాయం గాని రావు. పేరు మారడంతోపాటు లెక్క కూడా మారాలి.

8. పరిశోధకుని బల్లమీది పొదుపు:

ఈ చర్చ సాహిత్య పరిశోధకులకు మరొక విధంగా కూడా సంబంధించినది. వారపత్రికల్లో వచ్చిన సీరియల్ పుటలను వారం వారం విడదీసి, దారంతో కుట్టి లేదా బైండు చేయించి దాచుకోవడం ఒక తరం తెలుగు గృహిణుల అలవాటు. కొత్త పుస్తకం కొనలేని ఇంట్లో అది గ్రంథాలయం. ఇరుగుపొరుగు మధ్య తిరిగిన ఆ బైండు పుస్తకాలలో నవల తొలిపాఠం ఉంటుంది, బొమ్మలుంటాయి, పుట వెనుక ప్రకటనలుంటాయి, ఒక్కొక్కసారి ‘ప్రమదావనం’ వంటి శీర్షికల తునకలూ ఉంటాయి. పుస్తకరూపంలో వచ్చేనాటికి ఇవన్నీ రాలిపోతాయి. పాఠపరిష్కరణకు, పఠన చరిత్రకు ఇవి ప్రాథమిక ఆధారాలు.

కారా 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం ఇటువంటి ఆధారాల విలువను గుర్తించిన సంస్థ. పాత పత్రికలను, అచ్చయిన కథలను ఒకచోట చేర్చడం ద్వారా అది తెలుగు కథా పరిశోధనకు పునాది వేసింది. పాతకాగితాల తూకంలోకి పోవలసినది సాహిత్యచరిత్రగా నిలబడింది. అయితే పరిశోధన గ్రంథాల కృతజ్ఞతలలో గ్రంథాలయాల పేర్లు కనిపించినంతగా, ఆ కాగితాన్ని చెదపట్టకుండా, తడవకుండా, తూకానికి పోకుండా కాపాడిన ఇళ్ల ప్రస్తావన కనిపించదు. మీనాక్షి చాకిరీని చూడని విమర్శ తన బల్లమీది బైండు పుస్తకం వెనుక చేతిని కూడా చూడలేదు.

9. ముగింపు:

పై పరిశీలన నుండి కింది అంశాలు తేలుతున్నాయి.

- పునర్వినియోగం ఒకే రకమైన పని. దానికి పొదుపు, లోభం, ఏరుకోవడం, దొంగతనం, ఉపోత్పత్తి వినియోగం అన్న పేర్లు చేసేవారి వర్గాన్ని, లింగాన్ని, ఆస్తిహక్కును బట్టి ఏర్పడ్డాయి.
- గృహనీతి రచన పొదుపును స్త్రీ గుణంగా నిలిపింది. పద్ధతులు చెప్పే గృహవిజ్ఞాన రచన దాన్ని విద్యగా చూడడానికి దారి తీసింది.
- విశాఖ ప్రాంతపు కథకులు పొదుపును బోధించలేదు. దాని వెనుక ఉన్న ఆస్తిని, చట్టాన్ని, నీటిని, ఆదాయాన్ని చూపారు. ఈ కోణంలో ‘కుంకుడాకు’, ‘వాయులీనం’, ‘జీవధార’ కథలను గృహశ్రమ కథలుగా పునఃపఠించవచ్చు.
- బొంతలు, బైండు పుస్తకాలు, చేతిరాత పద్దుపుస్తకాలు సాహిత్య, సామాజిక పరిశోధనకు ఆధారాలు. విశాఖ నగరపు పాతపేటలలోను, ఉక్కునగరం, గాజువాక వంటి కార్మిక నివాసాలలోను, నిర్వాసిత కాలనీలలోను వీటిని క్షేత్రపర్యటన ద్వారా సేకరించవలసి ఉంది. వస్తువుతోపాటు దాన్ని దాచిన స్త్రీ మాటను కూడా నమోదు చేయాలి.

పర్యావరణ స్పృహ పెరిగిన ఈ కాలంలో అమ్మమ్మల పొదుపును ఆదర్శంగా చూపడం తరచు కనిపిస్తున్నది. ఆ ప్రశంస మళ్లీ గుణకీర్తనగా మిగిలితే, భూమిని కాపాడే బరువు కూడా జీతం లేని గృహశ్రమమీదనే పడుతుంది. పొదుపుకు ఎవరి కాలం ఖర్చయిందని అడగడంతోనే దాని విమర్శ మొదలు కావాలి.